ముప్పై రెండో మగ్గం

చౌడయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా, అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్న విని, తల ఊపి, రాట్నం తిప్పుకుంటూ కూర్చునేవారు. తన ప్రశ్న చాలా లోతైనదని అడిగినవాడు సంతోషపడి ఇంటికి వెళ్ళేవాడు. వారానికో నెలకో ఏదో ఒకటి జరిగేది. అప్పుడు గురువుగారు ఒక మాట అనేవారు. అది తన ప్రశ్నకు జవాబని తెలిసేసరికి ఆ సంతోషం కాస్తా పోయేది. అందుకే మా పడుగులపేటలో ఆయనకు శిష్యులు ఎప్పుడూ నలుగురికి మించలేదు. మిగిలినవాళ్ళం ఆయన్ని దూరం నుంచి గౌరవించేవాళ్ళం.

గురువుగారి మఠం అంటే పెద్దదేమీ కాదు. వీధి చివర రేకుల కప్పు, మట్టి అరుగు, ఒక రాట్నం. గురువుగారు ఒకప్పుడు నేతగాడే. చూపు మందగించాక మగ్గం దిగి, అడిగినవాళ్ళకు కండెలు చుట్టి ఇచ్చేవారు. నాడెలో పెట్టే చిన్న గొట్టానికి నూలు చుడితే అది కండె. నిలువు దారాలైన పడుగులోకి అడ్డంగా పడే పేక నూలు దానిలోదే. కండె ఉన్నంతసేపే బట్ట. అది అయిపోయాక నాడెను ఎంత విసిరినా అటు నుంచి ఇటు గాలి పోవడమే.

మా వీధిలో ముప్పై రెండు మగ్గాలు. నేలలో గుంట తీసి, అందులోకి కాళ్ళు దించి, నేల మీద కూర్చుని నేసే మగ్గాలు. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా టకటకమని ఆడుతూనే ఉంటాయి. కొత్తవాళ్ళకు అదంతా ఒకటే రొద. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఒక చేత్తో చెవి మూసుకుని రెండో చేత్తో ఉప్మా తినేవాళ్ళు. మాకు మాత్రం ఎవరి మగ్గం వాళ్ళదే. ఒకరి మగ్గంలో పేకను బిగించే పలక పొడిగా దగ్గినట్టు కొడుతుంది. ఒకరి కాలి చెక్క కీచుమంటుంది. మొగుడితో మాట పట్టింపు వచ్చిన ఇంట్లో దెబ్బలు దగ్గర దగ్గరగా పడతాయి. పసిపిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోతారు, చప్పుడు ఆగితే లేచి ఏడుస్తారు. అంత రొదలోనూ మూడిళ్ళ అవతల ఎవరైనా గొంతు తగ్గించి మన పేరు ఎత్తితే చెవిన పడుతుంది. పేరు తర్వాత ఏమన్నారో కూడా పడుతుంది. పక్కనే నిలబడి పెళ్ళాం మూడుసార్లు పిలిచినా పలకని మగవాళ్ళకు సైతం అది పడుతుంది.

మా వీధికి ఒక కట్టుబాటు ఉంది. ఏ మగ్గమైనా ఆకువక్క నమిలేంతసేపు ఆగిపోతే పక్కింటివాళ్ళు లేచి వెళ్ళి పలకరించాలి. జ్వరం వచ్చిందా, కళ్ళు తిరిగాయా, అలిగి పడుకున్నారా చూడాలి. మగ్గం ఆడుతుండగా వెళ్ళి పలకరించడం మాత్రం మర్యాద కాదు. నేసేవాడి చెయ్యి తడబడితే బట్ట మీద గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. ఈ కట్టుబాటు వల్ల కొందరి ప్రాణాలు నిలిచాయి. చాలామంది కాపురాల సంగతులు బయటికొచ్చాయి. రెండోది మేము కోరుకున్నది కాదు, కానీ వద్దని అనలేదు.

శంభులింగం గురువుగారి నలుగురు శిష్యుల్లో ఒకడు. నలభై ఏళ్ళ మనిషి. రోజూ సాయంత్రం మఠం అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుని, ముప్పై రెండు మగ్గాలనూ ఒక్కొక్కటిగా విడదీసి వినేవాడు. ఫలానావాడు కండె మార్చాడు, ఫలానా ఇంట్లో నేత కూతురికి అప్పగించారు అని చెప్పేవాడు. వెళ్ళి చూస్తే అది నిజమయ్యేది. రెండేళ్ళు ఇలా సాగేసరికి కళ్ళు తెరిచి ఉన్నప్పుడు కూడా సగం మూసి నడవడం మొదలుపెట్టాడు. ఒక రోజు గురువుగారి ముందు కూర్చుని, ముప్పై రెండింటిలో ఏది కావాలంటే అది వినగలుగుతున్నానని, వద్దనుకుంటే అన్నీ ఉండి కూడా లేనట్టే కూర్చోగలుగుతున్నానని విన్నవించుకున్నాడు.

“చెవి నా మాట వింటోంది, గురువుగారూ. ఇక మీదట నేనేం సాధించాలి?”

గురువుగారు తల ఊపి రాట్నం తిప్పుకున్నారు. శంభులింగం సంతోషపడి ఇంటికి వెళ్ళాడు.

అది ఆశ్వయుజమాసం. దీపావళి బేరాలకని వీధిలో ఎవరూ మగ్గం దిగడం లేదు. ఆ రోజుల్లోనే శంభులింగం అక్క సూరమ్మకు తన కూతురి పురిటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆమె భర్త బసవయ్య మా వీధిలో ఒంటి చేత్తో ఇద్దరి పని చేసే మనిషి. ఆ సంగతి మాకు రోజూ గుర్తు చేసే మనిషి కూడా. మధ్యాహ్నం అందరూ మగ్గాలు ఆపి భోజనాలకు లేస్తే, ఆయన మాత్రం పది దెబ్బలు ఎక్కువ నేసి లేచేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పది దెబ్బలు వింటూ చేతులు కడుక్కున్నాం. అయితే ఆ ఏడు ఆయనకు రెండుసార్లు మగ్గం మీదే కళ్ళు తిరిగాయి. సూరమ్మ బస్సు ఎక్కేముందు తమ్ముడి ఇంటికి వెళ్ళింది. గోడ అవతలే ఇల్లు. ఆమె చెప్పింది వీధంతా విన్నది.

“ఒరే తమ్ముడూ, మీ బావ ఒంట్లో బాగోలేదంటే ఒప్పుకునే మనిషి కాదు. నువ్వు పెద్ద చెవిగలవాడివి అంటున్నారు కదా. ఆ మగ్గం మీద ఒక చెవి వేసి ఉంచు. ఆగిందంటే పరుగెత్తు.”

శంభులింగం సగం కళ్ళు మూసి, ఒక చెవేమిటి అక్కా, రెండూ అక్కడే ఉంటాయన్నాడు. ఇంట్లో కండెలు చుట్టేది సూరమ్మే కాబట్టి, ఆమె వచ్చేదాకా బసవయ్యకు గురువుగారు చుట్టి ఇచ్చేలా ఏర్పాటైంది. పొద్దున ఒక బుట్ట, పదింటికి ఒకటి, భోజనం తర్వాత ఒకటి. బసవయ్యే వచ్చి పట్టుకెళ్ళేవాడు. ఆయనకు ఎవరూ అందించకూడదు.

ఆరో రోజు మబ్బు పట్టింది. వాన పడలేదు, వెలుగూ రాలేదు. బసవయ్య పొద్దున వచ్చి బుట్ట తీసుకెళ్ళాడు. ముప్పై రెండు మగ్గాలూ మొదలయ్యాయి. ఎనిమిదిన్నరకు టీ కొట్టు మనిషి ఎప్పటిలాగే గ్లాసు తెచ్చి, లోపల మగ్గం ఆడుతుండడం విని, పిలవకుండా గుమ్మం పక్క గూట్లో పెట్టి వెళ్ళాడు. పదకొండుకు సొసైటీ గుమాస్తా బట్ట కొలుద్దామని వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి, లోపల మంచి ఊపు మీద నేస్తున్నాడని వెనక్కి తిరిగాడు. ఇంకొకరి పని పాడవుతుందని ఆ గుమాస్తా ఆలోచించడం మా ఎరుకలో అదే మొదలు. శంభులింగం గోడ ఇవతల తన మగ్గం మీద కూర్చుని నేస్తూనే ఉన్నాడు, వింటూనే ఉన్నాడు.

మధ్యాహ్నమైంది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. వీధి మొత్తం ఆగింది. ఆ తర్వాత పది దెబ్బలు పడ్డాయి. వీధంతా విన్నది. ఎదురింటి అరుగు మీద నూలు చిక్కు తీస్తూ నేనూ విన్నాను. “మొదలుపెట్టాడు” అని మా వదినతో అన్నాను. ఆమె నవ్వింది. వినకపోతే నవ్వదు కదా.

భోజనాలయ్యాయి, మళ్ళీ చప్పుడు లేచింది. రెండింటికి శంభులింగం ఏదో నూలు పని మీద మఠానికి వెళ్ళాడు. వీధిలో చూడ్డానికి ఇంకేమీ లేకపోవడంతో నేనూ ఆ దారినే నడిచాను. గురువుగారు రాట్నం ఆపి కూర్చుని ఉన్నారు. ఆయన ఒట్టినే కూర్చోవడం మేమెప్పుడూ చూడలేదు. బసవయ్య మగ్గం ఆడుతోందా అని శంభులింగాన్ని అడిగారు.

శంభులింగం కళ్ళు మూసుకున్నాడు. ముప్పై మగ్గాలను పక్కకు తోశాడు. ముఖం ప్రశాంతంగా అయింది. ఆడుతోందన్నాడు. కొంచెం అలసట ఉందన్నాడు. ఎడమకాలు బరువుగా వేస్తున్నాడని, ప్రతి రెండో దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతోందని చెప్పాడు. అతను చెప్పాక చెవి పెట్టి వింటే నాకూ అలాగే వినిపించింది.

గురువుగారు పక్కనున్న బుట్టలు రెండూ ముందుకు జరిపారు. పదింటి బుట్ట. భోజనం తర్వాతి బుట్ట. రెండూ నిండుగా ఉన్నాయి.

“ఏ నూలుతో నేస్తున్నాడు?” అన్నారు.

మఠం నుంచి బసవయ్య ఇంటికి పంతొమ్మిది గుమ్మాలు. శంభులింగం పరుగెత్తాడు, మేము వెనక వెళ్ళాం. ఏదో జరిగిందని తెలిసి కూడా ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు, ఎందుకంటే ఆ పంతొమ్మిది గుమ్మాల దూరమూ ఆ మగ్గం వినిపిస్తూనే ఉంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ దగ్గరైంది. గూట్లో టీ గ్లాసు అలాగే ఉంది, పైన మీగడ కట్టి చీమలు పట్టాయి. శంభులింగం తలుపు మీద చెయ్యి వేశాడు. చెక్కలోంచి అరచేతికి ఆ అదురు తగిలిందని తర్వాత ఒట్టు వేసి చెప్పాడు. తలుపు తోశాడు.

చప్పుడు ఆగింది. అప్పుడే ఎవరో ఆపినట్టు ఆగింది. వీధిలో మిగిలిన మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, కానీ కాసేపు మాకు అవీ వినిపించలేదు.

బసవయ్య గుంటలోనే ఉన్నాడు. ఎడమ పక్కకు ఒరిగి, బట్ట చుట్టిన దోనె కర్ర మీద తల ఆనించి ఉన్నాడు. నాడె పడుగు మధ్యలో నిలిచిపోయింది. నూలుకు పట్టించిన గంజి ఎండి పెళుసుగా అయింది. ఆ రోజు నేసింది నాలుగు వేళ్ళ బట్ట. బుట్టలో పన్నెండు కండెలకు పది మిగిలాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. గుమ్మంలో మమ్మల్ని చూసి, పని మధ్యలో వచ్చి విసిగించినవాళ్ళను చూసినట్టు చూశాడు.

ఆటోలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం నిలిచింది. ఎడమ పక్క పడిపోయిందని డాక్టరు చెప్పాడు. రెండు గంటల్లో తెచ్చి ఉంటే వేరుగా ఉండేదని కూడా చెప్పాడు. శంభులింగం ఆ మాట విని, ఎడమ పక్కా అని మళ్ళీ అడిగాడు. డాక్టరు అవునన్నాడు.

వీధిలో ఆ వారమంతా వాదన జరిగింది. మధ్యాహ్నం పడినవి తొమ్మిది దెబ్బలని కొందరు, లేదు పదేనని కొందరు. అసలు పడలేదని మాత్రం ఒక్కరూ అనలేదు. గుమాస్తా అయితే తలుపు మీద చెయ్యి వేసినప్పుడు లోపల దగ్గు కూడా విన్నానన్నాడు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన వెనక్కి తీసుకున్నది కూడా మా ఎరుకలో అదొక్కటే.

సూరమ్మ కబురు అందుకుని మర్నాడు వచ్చింది. తమ్ముణ్ణి తిట్టలేదు. తిడుతుందేమోనని ఆసుపత్రి వరండాలో సర్దుకుని కూర్చున్నవాళ్ళకు నిరాశే మిగిలింది. ఎంతసేపు పడి ఉన్నాడని మాత్రం అడిగింది. పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా అని శంభులింగం నేల చూస్తూ చెప్పాడు.

“ఆ ఆరు గంటలూ నువ్వు వింటూనే ఉన్నావా?”

“ఉన్నానక్కా.”

“ఎలా నేశాడు?”

బాగానే నేశాడని చెప్పాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై రోజులకు బసవయ్య నాలుక తిరిగింది. అంతసేపు పడి ఉండి ఒక్క కేకైనా ఎందుకు వేయలేదని సూరమ్మ అడిగింది. కేక వేసే ఓపిక మొదట్లో ఉందట. గొంతు కూడా ఉందట. “మగ్గం ఆడుతోంది కదే” అన్నాడాయన. తన మగ్గం చప్పుడు తనకు వినిపిస్తూనే ఉందని, అందుకే తాను నేస్తున్నానే అనుకున్నానని, పడిపోయింది ఇంకెవరో అనుకుని జాలిపడ్డానని చెప్పాడు. మధ్యాహ్నం మేము చేతులు కడుక్కునే నీళ్ళ చప్పుడు విని, లెక్క తప్పకుండా పది వేసి ఆపానన్నాడు. పదే అని ఆయన చెప్పాక వీధిలో వాదన ఆగిపోయింది.

శంభులింగం మఠానికి వెళ్ళడం మానేశాడు. నేత కూడా సరిగ్గా సాగలేదు. రెండు దెబ్బలు వేసి ఆగేవాడు, గోడకేసి చూసేవాడు, లేచి వెళ్ళి బావ ఇంటి తలుపు తీసేవాడు. లోపల ఖాళీ మగ్గం ఉండేది. నాలుగైదు సార్లు అలా వెళ్ళాక సూరమ్మ తలుపు వేయడం మానేసింది. కార్తీకం చివర ఒక రోజు అతను గురువుగారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఆరు గంటలూ తాను విన్నది ఎవరి మగ్గమని అడిగాడు.

గురువుగారు ఈసారి తల ఊపలేదు, నెల ఆగలేదు.

“ఆ పది దెబ్బలు నేనూ విన్నాను” అన్నారు. “చెవికి వచ్చేది పడుగు మాత్రమే నాయనా. పేక లోపల ఒకడు వేస్తాడు. వాడికి కండె అక్కర్లేదు.”

ఆ మాట నేను చాలామందికి చెప్పాను. అందరూ చాలా లోతుగా ఉందన్నారు. అందులో సగంమంది నేను చెబుతుండగా వేరే ఇంట్లో ఏం జరుగుతోందో వింటున్నారు.

మాఘం వచ్చేసరికి బసవయ్య కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చాలావరకు స్వాధీనమైంది. కాలు రాలేదు. ఊరుకోమని ఎవరు చెప్పినా వినలేదు. ఒక రోజు పొద్దున సూరమ్మ పట్టుకుంటే గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఆమె చుట్టిన కండెలు పక్కన పెట్టుకున్నాడు. ఈ సంగతి అప్పటికి వాళ్ళిద్దరికే తెలుసు, ఎదురింట్లో ఉన్నందుకు నాకు తెలుసు.

శంభులింగం ఆ సమయానికి మఠం అరుగు మీద ఉన్నాడు. గురువుగారు రాట్నం తిప్పుతున్నారు. అతనిదీ, బావదీ తప్ప ముప్పై మగ్గాలు ఆడుతున్నాయి. ఉన్నట్టుండి శంభులింగం తల వంచి విన్నాడు. వీధి చివరికి ఇంకొక చప్పుడు వస్తోంది. ఎడమకాలు బరువుగా పడుతోంది. ప్రతి రెండో దెబ్బ కాస్త ఆలస్యమవుతోంది. నాలుగు నెలల కింద ఇదే అరుగు మీద కళ్ళు మూసుకుని తాను విన్నది ఇదే చప్పుడు. ఒక్క దెబ్బ తేడా లేదు.

“గురువుగారూ, బావ మగ్గం వినిపిస్తోంది” అన్నాడు. అది తప్పు ఒప్పుకుంటున్నవాడి గొంతులా ఉంది. కట్టుబాటు ప్రకారం ఆడుతున్న మగ్గం దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదని గుర్తు వచ్చి, లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

గురువుగారు రాట్నం ఆపారు.

“వినిపిస్తోంది కదా,” అన్నారు, “అందుకే వెళ్ళి చూసి రా.”